పెట్టెలో పదకొండు పానాలు

పానాలక్క ఇరవై తొమ్మిదేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తోంది. ఆ పేటలో ఆమె చెయ్యి పడని సైకిలు లేదు. అయితే ఏ సైకిలునూ వంద గజాలకు మించి తొక్కింది లేదు. బాగుచేసిన బండిని షాపు ముందు నుంచి వీధి చివరి దాకా తొక్కడం, చెవి ఒగ్గి వినడం, కాలు నేల మీద ఆనించి దిగడం. అంతే.

యాభై ఒకటో ఏట ఆమె దేశం తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ఒక్కతే సైకిలు మీద పోతానంది. పంతొమ్మిది వందల నలభై కిలోమీటర్లు, ముప్పై రోజులు. షాపులో వాటా ఉన్న తమ్ముడు అడ్డం పడ్డాడు. నెల రోజుల వాదన తర్వాత ఒక షరతు పెట్టాడు. మొదటి మజిలీ తొంభై కిలోమీటర్లు. సాయంత్రం ఐదింటికి ఆ ఊరు చేరకపోతే తను వ్యానులో వస్తాడు. ఆమె మారు మాట్లాడకుండా ఎక్కాలి, ఈ ప్రయాణం ఊసు మళ్లీ ఎత్తకూడదు. పానాలక్క చేతిలో చెయ్యేసి సరేనంది.

బయల్దేరే రోజు ఉదయం ఆరింటికి తమ్ముడు క్యారియరు మీది ఇనప పెట్టెను ఎత్తి చూశాడు.

"ఏంటక్కా ఇది? యాత్రకి పోతున్నావా, షాపు మారుస్తున్నావా?"

"పదకొండు పానాలు, సుత్తి, గ్రీజు డబ్బా, పంపు, ట్యూబులు. దారిలో ఏదన్నా అయితే నీకు ఫోన్ చేసి ఏడవమంటావా?"

"అవ్వకముందే విప్పుతావు. నీ సంగతి నాకు తెలీదూ!"

"వ్యానుకి డీజిలు కొట్టించకు. దండగ."

పద్నాలుగో కిలోమీటరు దగ్గర టిక్కుమంది. కుడి పెడలు కిందికి దిగిన ప్రతిసారీ ఒక టిక్కు. ఆమె దిగి పెడలు బిగించింది. ఎక్కితే మళ్లీ టిక్కు. దిగి చైను లింకులన్నీ వేళ్లతో తడిమింది. ఇరవై రెండో కిలోమీటరు చేరేలోపు ఏడుసార్లు దిగింది. ఇంకొకరైతే వినీ విననట్టు పోయేవారు. ఆమెకు చప్పుడంటే లోపలెక్కడో ఇనుము అరుగుతున్నట్టు లెక్క. అలాంటి బండిని ఆమె ఏనాడూ షాపు గడప దాటనివ్వలేదు.

రోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఉంది. రేకుల షెడ్డులో కాటా గుమాస్తా ఒక్కడే కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి.

"అన్నా, కాసేపు నీడ ఇస్తావా?"

"నీడని తూచి అమ్మడం లేదమ్మా. కూర్చో."

ఆమె గోనెపట్టా పరిచి పెడళ్లు, వాటి కాడలు, ఇరుసు, అందులోని ఇనప గుళ్లు ఊడదీసింది. ఒక్కోటీ తుడిచి, వెలుగుకు పెట్టి చూసి, గ్రీజు పూసి తిరిగి బిగించింది. గంటన్నర పట్టింది. ఎక్కడా అరుగుదల లేదు.

పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చావక్కా?"

"ఇరవై రెండు."

"నలభై రెండా?"

"ఇరవై రెండు."

"వ్యాను కడిగిస్తున్నాలే," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి పెడలును చేత్తో తిప్పింది. చప్పుడు లేదు. ఎక్కి షెడ్డు చుట్టూ ఒక చుట్టు తొక్కింది. టిక్కు. దిగి, సైకిలును స్తంభానికి ఆనించి, పట్టా మీద పడున్న పానా తీసుకోవడానికి గొంతుక్కూర్చుంది.

టిక్కు.

కాటా గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "అమ్మా, సైకిలు అక్కడుంది. చప్పుడు ఇక్కడ్నుంచి వచ్చింది."

పానాలక్క లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. మళ్లీ టిక్కు. కుడి మోకాలు. ఆమెకు నవ్వాగలేదు.

"దీనికి పానా లేదన్నా."

"ఉంటే నాకూ ఒకటి ఇద్దువుగానిలే. నావి రెండూ అంతే."

అప్పుడు ఆమె సీటు వంక చూసింది. సీటు కిందికుంటే మోకాళ్లు పోతాయని ఆమె కొన్ని వేలమందికి చెప్పింది. తన సీటు మాత్రం కాలు నేలకు ఆనేలా కిందికి దించి పెట్టుకుంది. వీధి చివర దిగే మనిషికి అది చాలు. పదమూడో నంబరు పానా తీసి సీటును నాలుగు వేళ్ల ఎత్తు లేపింది. ఎక్కి కూర్చుంటే కాలు నేలకందలేదు. గుమాస్తా సీటు పట్టుకుని ఒక్క తోపు తోశాడు.

టిక్కు పలచబడింది గానీ పోలేదు. ఆమె దిగలేదు. నీళ్లకు రెండుసార్లు, అరటిపళ్లకు ఒకసారి ఆగింది. చప్పుడుకు ఆగలేదు.

నాలుగూ నలభైకి ఆ ఊరు చేరింది. లాడ్జి ముందు వ్యాను ఆగి ఉంది. తమ్ముడు దాని తలుపుకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు.

"ఇరవై నిమిషాలుంది," అంది పానాలక్క. "నువ్వే తొందరపడ్డావు."

"పొద్దున అంతసేపు ఏం విప్పావు? రిపేరు దొరికిందా?"

"దొరికింది. బండికి కాదు, నాకు. మోకాలు టిక్కుమంటోంది."

"మరి రేపెలా?"

"రేపు ఎనభై నాలుగు కిలోమీటర్లు. టిక్కుమంటూనే పోతా."

ఆమె క్యారియరు తాడు విప్పి, పెట్టెలోంచి మూడు పానాలు, పంపు, రెండు ట్యూబులు తీసుకుంది. మిగతావి ఉన్న పెట్టెకు మూతేసి, రెండు చేతులతో ఎత్తి, వ్యానులో ముందు సీటు మీద పెట్టింది.

"ఇవి షాపులో ఉండాల్సినవి," అంది. "నువ్వూ అంతే. పొద్దున్నే జనం వస్తారు, బయల్దేరు."