నోరు తెరిచే ఉంచండి, కెమెరా సెట్ చేస్తున్నా

మా నాన్న పళ్లు చేస్తాడు. పళ్ల డాక్టరమ్మ అచ్చు తీసి పంపిస్తే, వంటింటి పక్క గదిలో కూర్చుని, పింగాణీ పొడి తడిపి, కుంచెతో పొర మీద పొర పెట్టి, చిన్న ఓవెన్‌లో కాల్చి, పక్క పన్నుకు కూడా అనుమానం రాని పన్ను తయారు చేస్తాడు. అంటే, మొన్నటిదాకా చేసేవాడు.

ఒక్క నెలలో రెండు పళ్లు తిరిగొచ్చాయి. రెండూ మరీ తెల్లగా ఉన్నాయట.

"నోట్లో బల్బు వెలిగించినట్టుందండీ" అంది డాక్టరమ్మ ఫోన్లో. "మీరంటే నాకు గౌరవమే. కానీ మూడోది కూడా తిరిగొస్తే మాత్రం నా పేషెంట్లని పెద్ద ల్యాబ్‌కి పంపించుకుంటాను."

నాన్నకొచ్చే పనిలో ముప్పావు వంతు ఆవిడ పంపేదే. ఆయన ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

నాకు మాత్రం కారణం వెంటనే తెలిసిపోయింది. ఫోన్!

పన్ను రంగు చూసుకోవడానికి పేషెంట్లు మా ఇంటికే వస్తారు. ఇదివరకు నాన్న వాళ్లని కిటికీ దగ్గర నిలబెట్టి, బాగా తెల్లటి ఒకటో నంబరు నుంచి ముదురు రంగు దాకా పదహారు నమూనా పళ్లు గుచ్చిన పట్టీ పెదవి దగ్గర పెట్టి, ఒక్క చూపు చూసి నంబరు రాసుకునేవాడు. కళ్లజోడు మారాక తన చూపు మీద తనకే నమ్మకం తగ్గింది. "పట్టీతో సహా ఫోటో తీసి నంబరు నువ్వే చెప్పవే" అన్నాడు. అప్పట్నుంచి ఆయన అటు తిరిగి పొడి కలుపుకుంటాడు, ఇటు నేను ఫోటోలు తీస్తాను. నా ఫోన్ పాతది. కాబట్టి తప్పు ఫోనుది. కాబట్టి కెమెరా కొనాలి. జీవితంలో నేనింత సూటిగా ఎప్పుడూ ఆలోచించలేదు.

నలభై ఆరు రివ్యూలు చూశాను. ప్రతి దాంట్లోనూ ఒకాయన ఇటుక గోడని ఫోటో తీసి, మూలనున్న ఇటుక ఎంత స్పష్టంగా వచ్చిందో చూపించి పరవశమైపోతాడు. నేనూ అయ్యాను. మొదటి వారం నచ్చిన కెమెరా రెండో వారానికి పిల్లలాట అని తేలింది. మూడో వారానికి నాకు తప్పనిసరైన లెన్స్ ఖరీదు కెమెరాని దాటింది. రెండూ కలిపితే, నాన్న కొత్త ఓవెన్ కోసం దాచిన డబ్బు మొత్తం సరిపోతుంది. కెమెరా సంచి సంగతి తర్వాత చూడొచ్చు.

"ఓవెన్ తలుపు తీగతో కట్టానే, చూశావుగా" అన్నాడు నాన్న.

"గట్టి తీగే కదా నాన్నా!"

ఆయన కాసేపు ఓవెన్ వైపు, కాసేపు నా వైపు చూశాడు. "సరే. చదువుకున్నదానివి, నీకే తెలియాలి."

ఆ మాటకి నేను భయపడాల్సింది. నాకేమో రెక్కలొచ్చాయి.

పెళ్లి ఫోటోలు తీసే మా బావ మాత్రం అడ్డం పడ్డాడు. "కొనే ముందు ఒక పూట నాది వాడి చూడు మరదలా. కింద పడేశావంటే మాత్రం, ఆ తర్వాత మామయ్య చేయాల్సింది నీ పళ్లే."

మూడో పేషెంటు బస్సు కండక్టర్. ముందు పన్నొకటి పోయింది, దాని పక్క పన్ను రంగు చూడాలి. వచ్చి కిటికీ దగ్గర కూర్చోగానే పెదాలు లాగిపట్టే ప్లాస్టిక్ కొక్కెం పెట్టాను, నాన్న పట్టీ అందించాడు.

"మూడో నంబరులా ఉందే" అని గొణిగాడు.

"అనిపించడాలు వద్దు నాన్నా. కెమెరా ఉంది."

ఆయన నోరు మూసుకుని పొడి దగ్గరికి వెళ్లిపోయాడు. కండక్టర్ నోరు తెరుచుకుని నా దగ్గరే ఉండిపోయాడు.

ముందు ఒకటి తీశాను. కాస్త చీకటిగా వచ్చింది. వెలుగు పెంచాను. ఎక్కువైంది. స్టాండ్ జరిపాను. నలభై ఆరు రివ్యూల్లో విన్న ప్రతి బటనూ నొక్కాను.

"ఆ... ఆ..." అన్నాడు కండక్టర్.

"నోరు తెరిచే ఉంచండి, కెమెరా సెట్ చేస్తున్నా!"

"పెళ్లిలో తాళి కట్టడానికి కూడా ఇంతసేపు పట్టదు" అన్నాడు కెమెరాతో పాటే వచ్చిన బావ.

ఇరవై నిమిషాలకి అద్భుతమైన ఫోటో వచ్చింది. పన్ను మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. పట్టీతో పోల్చాను. "ఒకటో నంబరు నాన్నా! కెమెరా అబద్ధం చెప్పదు."

బావ కెమెరా లాక్కుని మొదటి ఫోటో నుంచి ఒక్కొక్కటీ జరిపాడు. కనుబొమ్మలు ఎగరేశాడు. "ఇదేంటే? పక్కనున్న పట్టీతోనే పోల్చి చూడు, మొదటి దాంట్లో మూడో నంబరుకి సరిపోతోంది. మధ్యలో రెండు. చివర్లో ఒకటి. కండక్టర్ గారి పళ్లు కూర్చున్నచోటే తెల్లబడుతున్నాయి!"

నాన్న కుంచె కింద పెట్టాడు. "నోరు ఎంతసేపు తెరిపించావు?"

"ఇరవై నిమిషాలు... మంచి ఫోటో కోసం..."

"పన్ను ఎండితే తెల్లబడుతుందే! తడిగా ఉండగానే చూసెయ్యాలి. నేనెప్పుడూ ఒక్క చూపు చూసి మూసేయమనేవాణ్ని, అందుకే నీకు చెప్పాలని తట్టలేదు. ముందు వాళ్లిద్దరికీ ఎన్ని తీశావు?"

"ఒకాయనకి ముప్పై. రెండో ఆవిడకి... ఫోన్ నిండిపోయింది."

బావ గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నాన్న నవ్వలేదు. తిట్టనూ లేదు. కండక్టర్ నోట్లోంచి కొక్కెం తీసి, మంచినీళ్లిచ్చి, చీటీ మీద 3 అని రాసుకున్నాడు. చాన్నాళ్ల తర్వాత నన్ను అడక్కుండా రాసుకున్న నంబరు అది.

వారానికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీరు చేసిన పన్నేదో నాకే వెతుక్కోవాల్సొచ్చిందండీ. ఇంకో నలుగురిని పంపిస్తున్నా."

కెమెరాకి పోవాల్సిన ఆ డబ్బుతో కొత్త ఓవెన్ వచ్చింది. తలుపు దానంతటదే మూసుకుంటుంది. నా పాత ఫోనే నమూనా పట్టీ పక్కన ఉంటోంది. దానికి పైన, కిటికీ అద్దం మీద, నాన్న స్వహస్తాలతో ఒక కాగితం అంటించాడు: "ఒక్క ఫోటో. తర్వాత నోరు మూయాలి."

కొత్త పన్ను చూపించడానికొచ్చిన కండక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది మాకాండీ, మీ అమ్మాయికా?"

నాన్న ఓవెన్ దగ్గర్నుంచి తల తిప్పకుండానే అన్నాడు: "ఇద్దరికీ."