కిటికీ మేడం

"వంగి చెప్పు నాన్నా, వినపడట్లేదు," అందామె, స్టాంపు మీద అరచేయి వేసి నొక్కుతూనే.

కిటికీ అద్దానికి అడుగున అర్ధచంద్రాకారంలో ఒక కన్నం ఉంది. ఎవరు కోయించారో గానీ, లోపల కూర్చున్నవాళ్ల మోచేతి ఎత్తుకు కోయించారు. బయట నిలబడ్డవాళ్లు మాట్లాడాలంటే నడుం వంచాలి. వంచినా గడ్డం వరకే కనిపిస్తుంది. అద్దం పైభాగమంతా నోటీసులు అంటించి ఉంటాయి కాబట్టి ముఖాలు కనపడవు. అందుకే ఇంజనీరింగ్ కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో ఇన్నేళ్లు పనిచేసినా ఆమెకు పిల్లలు ముఖాలతో గుర్తుండరు, చేతులతో గుర్తుంటారు. కొరికిన గోళ్లు, వర్క్‌షాప్‌లో గీసుకుపోయిన వేళ్లు, డ్రాయింగ్ పెన్సిలు మసి అంటిన చిటికెన వేలి పక్క.

అంటించిన వాటిలో అన్నిటికన్నా పెద్ద కాగితం నిబంధనలది. అక్షరాలు బయటివైపుకు ఉంటాయి. పొద్దుటి ఎండ పడినప్పుడు అవి తిరగబడి ఆమె బల్ల మీద నీడలా వాలతాయి. సెమిస్టర్ సగటు ఒకసారి తగ్గితే హెచ్చరిక. వెంటనే మళ్లీ తగ్గితే ప్రొబేషన్. మూడోసారీ తగ్గితే పేరు తొలగింపు. కమిటీ ముందుకు వచ్చి చెప్పుకుని నమ్మకం కలిగించగలిగితే మాత్రం ఇంకో ఏడాది గడువు. ఆ కమిటీ కూర్చునేది ఇవాళే.

"మేడం, జ్వరం వచ్చిందని చెప్తే?" అన్నాయి బయటి చేతులు, ఒకదాన్నొకటి పిసుక్కుంటూ.

"వద్దు. ఈ కాలేజీలో తప్పినవాళ్లందరికీ జ్వరమే వస్తుంది. డీన్ గారు వినీ వినీ ఆయనకే వచ్చేలా ఉంది."

వెనకున్న వాళ్లు నవ్వారు. చేతులు నవ్వలేదు.

"ఎందుకు తగ్గిందంటారు. 'నా తప్పే సార్' అను. అని ఆగు. వెంటనే ఇంకేదో కలపకు. ఆయన తలెత్తి చూస్తారు. అప్పుడు చెప్పు, ఏ సబ్జెక్టు ఎలా చదువుతావో. చివర్లో, 'నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నాను సార్' అను. నేల చూడకు, ఆయన్ని చూడు."

"ఏడిస్తే?"

"ముందే ఏడిస్తే నాటకమనుకుంటారు. ఆపుకోలేకపోతే చివర్లో చూసుకో."

పిల్లలు దీనికి కిటికీ కోచింగ్ అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. కిటికీ మేడం అన్న పేరూ తెలుసు. ఇది ఆమె ఉద్యోగంలో భాగం కాదు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆపలేదు. ఒడ్డున నిలబడి ఈత నేర్పినట్టు, తను తడవకుండా చాలామందిని గట్టెక్కించింది.

పక్క సీటాయన ఫైలు దారం ముడి విప్పలేక పళ్లతో లాగుతూ, "ఇవాళ మీ అమ్మాయిది కూడా ఉన్నట్టుందే," అన్నాడు.

"ఉంది."

"డీన్ గారి చెవిన ఒక మాట వేయకపోయారా? ఇంట్లో పిల్లే కదా."

"అందరికీ చెప్పినట్టే దానికీ చెప్పాను."

"అయితే ఇంకేం, పాసే," అన్నాడాయన. ముడి ఊడింది.

పొద్దున వంటింట్లో ఆమె గిన్నె కడుగుతుంటే కూతురు గట్టుకు ఆనుకుని, నిలబడే తింటూ అప్పజెప్పింది. నా తప్పే సార్. ఆగింది. ఏ సబ్జెక్టు ఎలా చదువుతుందో చెప్పింది. నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నాను సార్. ఒక్క అక్షరం తడబడలేదు.

"కొంచెం ప్రాణం పెట్టి చెప్పవే," అంది ఆమె.

"ప్రాణం అక్కడ పెడతాలేమ్మా. ఇక్కడే అంతా పెట్టేస్తే ఎలా?"

తండ్రి చెప్పులు వేసుకుంటూ, "తల్లీకూతుళ్లు ఏదనుకుంటే అదే," అని వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఏ విషయంలోనైనా చెప్పే మాట అదే. దాన్ని మంచితనమనాలో తప్పించుకోవడమనాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

ఆమె అక్కకు పక్క ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం ఉంది. బావ పోయాక అద్దాలు అరగదీయడం అక్కే నేర్చుకుంది. "నువ్వు వచ్చేయవే. నువ్వు జనంతో మాట్లాడు, నేను అద్దాలు చూసుకుంటాను. గల్లా పక్కన కుర్చీ వేసి ఉంచాను," అని ఎన్నిసార్లు పిలిచిందో. వెళ్లాలనే ఉండేది. వేలి కొసతో ఫ్రేము పట్టుకుని, ఎదుటి మనిషి ముఖాన్ని ముఖంగా చూసి, "ఇది మీకు నప్పుతుందండీ" అనడం ఆమెకు ఎంత ఇష్టమో. కానీ సిబ్బంది పిల్లలకు కాలేజీలో ఫీజు లేని సీటు ఉంది. ఆ పిల్లల చదువు అయ్యేదాకా సిబ్బంది ఉద్యోగంలో ఉండాలన్నది షరతు. కూతురికి సీటు వచ్చిన రోజు అక్కకు ఫోన్ చేసి, "ఇంకొన్నాళ్లు ఆగక్కా" అంది. సెలవుల్లో కూతురే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని వచ్చేది. సానరాయి దగ్గర అద్దం పట్టుకుని పట్టుకుని కూతురి ఎడమ బొటనవేలి గోరు ఒక పక్క అరిగి, పల్లంగా ఉంటుంది.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, దాని చివర ఆమెది. మినిట్స్ రాయడం ఆమె పని. కూతురి వంతు రాగానే ఆమె లేచి నిలబడింది.

"నేను బయట ఉంటాను సార్."

"కూర్చోండమ్మా," అన్నారు డీన్ గారు. "మీరు వెళ్తే ఇవన్నీ రాసేదెవరు, నేనా? నా రాత నాకే అర్థం కాదు. నిర్ణయం మాది, రాత మీది. కూర్చోండి."

కూర్చుంది. కూతురు వచ్చి బల్లకు అవతల నిలబడింది. తలుపు వేసి మరీ వచ్చింది. మిగతా పిల్లలు మర్చిపోతారు. జుట్టు వెనక్కి తీసి క్లిప్పు పెట్టుకుంది. తల్లి వైపు చూడలేదు.

"ఎందుకు తగ్గింది?"

"నా తప్పే సార్."

ఆగింది. డీన్ గారు తలెత్తారు.

కూతురు చెప్పడం మొదలుపెట్టింది. ఫ్లూయిడ్ మెకానిక్స్ లెక్కలు రోజూ పొద్దున, సర్వేయింగ్ స్నేహితురాలితో కలిసి, మిగిలినవి ఇలా. గొంతు పొద్దుటిలా లేదు. అన్నట్టుగానే ఇక్కడ ప్రాణం పెట్టింది. సివిల్ హెడ్డు తల ఊపుతున్నాడు. ఆమె కలం సాగిపోతోంది. ఇన్నేళ్ల అలవాటు మీద వేళ్లు వాటంతటవే వెళ్తున్నాయి. ఒక చోట ఆమె చూసుకుంటే, "ఇక్కడే కొనసాగాలని విద్యార్థిని కోరుకుంటున్నది" అని కాగితం మీద ఉంది. కూతురు ఆ మాట ఇంకా అనలేదు. సర్వేయింగ్ దగ్గరే ఉంది.

ఆమె కలం ఎత్తి ఆగింది. అనకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. మరిచిపోతే, తడబడితే, ఇంకేదైనా అంటే బాగుండును.

"నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నాను సార్," అంది కూతురు, నేల చూడకుండా.

"ఇదిగో, ఇలా ఉండాలి," అన్నారు డీన్ గారు మిగతావాళ్లతో. "ఒక ఏడాది గడువు. రాయండమ్మా."

రాసింది.

భోజనాల వేళకు మెట్ల మలుపులో కూతురు కనిపించింది. గోడకు ఆనుకుని ఉంది. గడువు వచ్చినవాళ్లు గెంతుతూ దిగుతారు. పేరు పోయినవాళ్లు ఇలా నిలబడతారు.

"బాగా చెప్పావు."

"ఊఁ. మంచి కోచింగ్."

"మరి ఆ మొహం ఏంటే?"

కూతురు వేలి గోటితో గోడ సున్నం గీకింది. "ఒకటి అడుగుతాను, కోప్పడకు. నేను మానేస్తానంటే ఏమనేదానివి?"

"నీ కోసమే కదే నేను ఈ ఉద్యోగంలో ఉన్నది! పెద్దమ్మ ఎన్నిసార్లు పిలిచినా..."

"నువ్వు నా కోసం ఉన్నావనే కదమ్మా నేను ఈ చదువులో ఉన్నది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కూతురికి నవ్వొచ్చింది. తర్వాత ఆమెకూ వచ్చింది. మెట్లు దిగుతున్న లెక్చరర్ ఒకాయన, గడువు వచ్చిన సంతోషమనుకున్నాడు కాబోలు, "కంగ్రాచ్యులేషన్స్ మేడం," అని వెళ్లిపోయాడు. దాంతో ఇంకా నవ్వారు. నవ్వు అయిపోయాక కూతురు చేతికంటిన సున్నం దులుపుకుంది.

"నువ్వెళ్లు, లైన్ పెరిగిపోతుంది," అంది కూతురు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర రద్దీ ఎక్కువ. గడువు వచ్చినవాళ్లు ఫీజు చీటీలకు, రానివాళ్లు సర్టిఫికెట్లకు. ఆమె తల ఎత్తకుండా ఒక్కొక్కరిదీ అందుకుంటోంది. కన్నంలోంచి ఒక దరఖాస్తు, దానికి జతచేసిన గుర్తింపు కార్డు లోపలికి వచ్చాయి. స్వచ్ఛందంగా కోర్సు విరమించుకునే దరఖాస్తు. నెలకు ఒకటో రెండో వస్తుంటాయి. ఆమె కళ్లు అలవాటు ప్రకారం కింది గడికి వెళ్లాయి.

"పేరెంట్ సంతకం లేదమ్మా. పెట్టించుకుని రా."

"పేరెంట్ లోపలే ఉన్నారు మేడం."

కన్నం గట్టు మీద ఒక ఎడమచేయి. బొటనవేలి గోరు ఒక పక్క అరిగి ఉంది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నోటీసుల సందుల్లోంచి ముఖం కనిపిస్తుందేమోనని చూసింది. కనిపించలేదు. లేచి బయటికి వెళ్లొచ్చు. తలుపు నాలుగడుగుల దూరం. వెళ్తే మాట్లాడాలి. మాట్లాడితే ఆమె గెలుస్తుంది. కూతురికి ఎదురుచెప్పడం రాదు, అప్పజెప్పడమే వచ్చు.

"ఏం చేస్తావే?" అంది గొంతు తగ్గించి, కన్నం దగ్గరికి వంగి. ఇన్నేళ్లలో ఆమె ఇటు నుంచి వంగడం అదే మొదలు.

"పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఇవాళే రమ్మంది. బస్సుకు టైముంది."

"మరి నాన్న?"

"మీరిద్దరూ ఏదనుకుంటే అదే అన్నారు."

వెనక ఎవరో, "తొందరగా కానివ్వండి మేడం, ల్యాబ్ ఉంది," అన్నారు.

ఆమె కలం తీసుకుంది. తల్లి గడిలో సంతకం పెట్టింది. కాగితం తిప్పి, స్వీకరించినట్టు క్లర్కు గడిలోనూ పెట్టింది. రెండు సంతకాలూ ఒక్కలాగే ఉన్నాయి. స్టాంపు వేసి రసీదు చింపి బయటికి తోసింది. వేళ్లు దాన్ని అందుకున్నాయి, ఆమె చేతి మీద ఒక్కసారి తట్టాయి, వెళ్లిపోయాయి. వాటి చోటులోకి వెంటనే వేరే చేతులు వచ్చాయి.

పక్క సీటాయన అంతా చూశాడు. "పోనీలెండి," అన్నాడు. "ఇక మీకు షరతు కూడా లేదు. హాయిగా మీ అక్కగారి దగ్గరికి వెళ్లిపోవచ్చు."

"అవును," అంది.

అక్క దుకాణం ఎంత ఇరుకో ఆమెకు తెలుసు. సానరాయి దగ్గర అక్క, గల్లా పక్కన ఒక కుర్చీ. ఇంకో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. సాయంత్రం కూతురు బస్సు దిగేసరికి ఆ కుర్చీలోకి మనిషి వచ్చేస్తుంది.

"వంగి చెప్పు నాన్నా," అంది బయటివైపు.

లైను పలచబడ్డాక ఆ రోజు వచ్చినవన్నీ ఫైల్లో కట్టడం మొదలుపెట్టింది. విరమణ దరఖాస్తును, కార్డును విడదీయబోతే ఊడిరాలేదు. గుండుసూది దొరక్క కాబోలు, కూతురు తల్లోంచి క్లిప్పు తీసి రెంటినీ కలిపి పెట్టేసింది. ఆమె దాన్ని తెరిచి, కాగితాన్ని ఫైల్లోకి, కార్డును డ్రాయరులోకి చేర్చింది.

బల్ల మీద గోధుమరంగు జుట్టు క్లిప్పు ఒకటి నోరు తెరుచుకుని మిగిలింది. దాని పళ్ల మధ్య చిక్కుకున్న పొడవాటి వెంట్రుక ఒకటి ఫ్యాను గాలికి లేచి వాలుతోంది.