వెనక సీటు నిండితేనే

శివకుమారి భర్త సంవత్సరీకం నాడు, బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా మరిది ఓబులేసు ఆ మాట అన్నాడు.

"కారు ఇచ్చేదానికి మనసు రాక చక్రంలో శబ్దమంటాంది మా వదిన. అన్న ఉన్నప్పుడు లేని శబ్దం ఇప్పుడు యాడ నుంచి వచ్చెనో!"

నలుగురైదుగురు నవ్వారు. శివకుమారి పప్పు గరిటెను తపేలాలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళుగా బడిలో ఎందరి నోళ్ళకో జవాబు చెప్పిన మనిషి ఆ పూట మళ్ళీ వడ్డనకు రాలేదు.

ఇంట్లో మనిషి పోయిన ఏడాది కొండెక్కకూడదని అందరూ ఆగారు. ఇప్పుడు ఏడాది నిండింది. సోమవారం శ్రీశైలం పోయి మల్లన్నను చూసి రావాల్సిందేనని అత్త ఓబులమ్మ పట్టుబట్టింది. ఓబులేసు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, అత్త, అందరూ ఒకే కారులో. దారి పొడవునా ఘాట్ రోడ్డు మలుపులు.

భర్త పోయాక ఆ కారును శివకుమారే బడికి నడుపుకుంటోంది. కిందటి నెల అత్తనూ ఓబులేసు పిల్లలనూ బద్వేలు పెళ్ళికి తీసుకుపోయినప్పుడు వెనక ఎడమవైపు నుంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. అత్త నిద్రపోతోంది. పిల్లలు ఫోనులో పాటలు పెట్టుకున్నారు. విన్నది తనొక్కతే. మర్నాడు ఒంటరిగా బడికి పోతే చప్పుడు లేదు.

మెకానిక్ పీర్ బాషా షెడ్డుకు రెండుసార్లు తీసుకుపోయింది. రెండుసార్లూ ఆయన కారును బైపాస్ దాకా నడిపి వచ్చి, "ఏమీ లేదు మేడమ్, శానా బాగా పోతాండాది" అన్నాడు. శనివారం మూడోసారి వెళ్ళింది. అప్పుడే కారు తాళం కోసం ఓబులేసు కూడా అక్కడికి వచ్చాడు.

"ఏం బాషా, దొరికిందా మా వదిన దయ్యం?"

పీర్ బాషా నవ్వలేదు. "నాకైతే ఏం వినపళ్ళేదప్పా."

"విన్యావా వదినా? మెకానిక్కే చెప్తాండాడు. అన్న గూడ అనేటోడు గదా, మా టీచరమ్మకు లేనివి వినపడతాయని."

ఆయన అనేవాడు, నిజమే. నవ్వుతూ, తన ముందే అనేవాడు. ఆ మాటను తెచ్చి తన మొహాన కొట్టే హక్కు ఇతనికి ఎవరిచ్చారు? శివకుమారికి ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెరగలేదు.

"బాషా భాయ్, మీరు నడిపినప్పుడు వెనక ఎవరైనా కూర్చున్నారా?"

"ఎవరు కూచుంటారు మేడమ్? నేనొక్కన్నే."

"ఒక్కదాన్నే పోతే నాకూ వినపడదు. వెనక సీటు నిండినప్పుడే వచ్చింది."

చేతులు తుడుచుకుంటున్న పీర్ బాషా ఆగిపోయాడు. "ఈ ముక్క ముందే చెప్పింటే..."

"రెండుసార్లూ చెప్పాను. మీరు వినలేదు."

ఆయన తల వంచుకున్నాడు. షెడ్డు పక్కనే కడప బండలు కోసి నునుపు చేసే యార్డు ఉంది. ఆయన పోయి అడిగి ఆరు బండలు తెచ్చాడు. డిక్కీలో గోనెసంచులు పరిచి ఒక్కొక్కటే ఎక్కించారు. శివకుమారి కొంగు నడుముకు బిగించి తనూ ఒక కొన పట్టింది. ఓబులేసు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఏం పిచ్చి వదినా ఇది! బండలు ఎవరికోసం?"

"నీ పెళ్ళాం బిడ్డల బదులు. నువ్వు వెనక ఎడమ పక్క కూర్చో."

శివకుమారి ముందు కూర్చుంది, పీర్ బాషా నడిపాడు. నలభై దాకా ఏమీ లేదు. ఓబులేసు ఈల వేయబోయాడు. యాభై దాటగానే అతని కాళ్ళ కింద పిండిమర ఆడినట్టు మొదలైంది. బండిని కుడికి తిప్పితే పెరిగింది, ఎడమకు తిప్పితే తగ్గింది. ఓబులేసు కాళ్ళు సీటు మీదికి తీసుకున్నాడు. బండి మళ్ళీ షెడ్డు చేరింది.

బండలు దించకుండానే పీర్ బాషా జాకీ ఎత్తాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొటలొటా కదిలింది. బేరింగు విప్పి తీశాడు. లోపలి గుండ్లు గుంటలు పడ్డాయి. గ్రీజు నల్లగా మాడి ఉంది.

"ఘాట్‌లో అందరినీ ఎక్కించుకుని పోయింటే చక్రం పట్టేసుకునేది మేడమ్," అన్నాడు. "తప్పు నాదే. చప్పుడు రాలేదని ఎత్తి చూడనే లేదు."

"నాకేం తెలుసు వదినా..." ఓబులేసు నసిగాడు.

"తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే విస్తళ్ళ ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు. ఫోన్ తీయి. మీ అమ్మకు చెయ్యి. స్పీకర్ పెట్టు."

"ఇంటికి పోయినాక చెప్తాలే."

"ఇప్పుడు."

అవతల ఓబులమ్మ గొంతు ఖంగుమంది. "ఏమిరా, ఇచ్చిందా కారు?"

"ఇచ్చినా ఎక్కగూడదమ్మా. చక్రం పోయింది. వదిన చెప్పిందే నిజం. నేనే నోరు జారినా."

"ఆ పొద్దు నేనూ నగితి గదరా," అంది ఓబులమ్మ మెల్లగా. "ఆడనే ఉండాదా కుమారి?"

ఓబులేసు ఫోన్ ఆమె వైపు చాచాడు. శివకుమారి అందుకోలేదు. ఈ మాట వింటే కోపం దిగుతుందనుకుంది. దిగలేదు. తను చెప్పిన ఒక్క మాట నమ్మించడానికి ఆరు బండలు ఎత్తాల్సి వచ్చింది. ఈ ఏడాదిలో ఇంకా ఎన్ని మాటలు అలా గాలికి పోయాయో!

"ఉందని చెప్పు," అంది మరిదితో. "చక్రం బాగయ్యాక పోదామని చెప్పు. నేనే నడుపుతాననీ చెప్పు."

డిక్కీ తెరిచి మొదటి బండ కొన పట్టుకుంది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి రెండో కొన పట్టేదాకా అలాగే నిలబడింది.