ఇంకొకరి దాహం

సోమవారం, గురువారం యోసేపు మాస్టారు డయాలసిస్‌కి వెళ్ళేవారు. మిగతా ఐదు రోజులూ ఆయన తరఫున ఎదురింటి సాజిదా మంచినీళ్ళు తాగేది.

పొద్దున పదకొండింటికి ఒక చెంబు, మూడింటికి ఒక చెంబు, దీపాలు పెట్టే వేళకి ఇంకొకటి. తివాచీ మగ్గం ముందు కూర్చుని ముడులు వేస్తూ వేస్తూ ఆగి, మాస్టారి మొహం ఒక్కసారి తలుచుకుని గటగటా తాగేసేది. ఎదురింట్లో మాస్టారి గొంతు చల్లబడేది. ఏలూరులో ఆ వీధివాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. అంతకుముందు ఆవిడ పెళ్ళిపీటల మీద కూర్చున్న ఆడపిల్లల కోసం తాగింది, ఎండల్లో బస్సు నడిపే మరిది కోసం తాగింది. చిక్కల్లా ఒక్కటే. ఆ నీళ్ళతో ఆవిడ దాహం తీరదు. తన కోసం మళ్ళీ విడిగా తాగాలి. "మగ్గం దగ్గర కంటే బాత్‌రూమ్‌లోనే ఎక్కువసేపు ఉంటుందండీ మా ఆవిడ" అని వాళ్ళాయన నన్నే సాహెబ్ వీధంతా చెప్పి నవ్వేవాడు.

మాస్టారు చర్చి స్కూల్లో లెక్కలు చెప్పేవారు. కిడ్నీలు రెండూ మూలపడ్డాక ఒంట్లోకి పోయిన నీళ్ళు బయటికొచ్చే దారి లేదు, మెషీనే తియ్యాలి. రోజుకి రెండు గ్లాసులు మించకూడదన్నారు డాక్టరు గారు. పూటకో బిందె తాగే మనిషికి రెండు గ్లాసులు ఏ మూలకండీ! అందుకే ఈ ఏర్పాటు.

ఆ ఏడు, అంటే రెండువేల ఐదులో, రంజాన్ అక్టోబరులో వచ్చింది. సాజిదా తెల్లారకముందు ఒక చెంబు, సాయంత్రం రోజా, అదే ఉపవాసం, విప్పాక రెండు చెంబులు ఆయన కోసం తాగేది. పగలు ఆయనే ఓర్చుకునేవారు. ఓర్చుకోలేక దొంగచాటుగా ఓ గ్లాసు తాగినా, మెషీన్ ఉందిలే అనుకునేవారు.

నెలాఖరుకి వానలు పట్టుకున్నాయి. తమ్మిలేరు పొంగింది. కొల్లేరు రోడ్ల మీదికొచ్చింది. హైదరాబాదు నుంచి రావాల్సిన లారీ ఎక్కడో ఆగిపోయింది. గురువారం ఆస్పత్రికి వెళ్తే నర్సు రాజరత్నం గారు గుమ్మంలోనే ఆపేసింది.

"మెషీన్‌కి పెట్టే సొల్యూషన్ క్యాన్లు ఒక్కటీ లేవండీ. ట్యూబులూ అయిపోయాయి. సోమవారం దాకా ఎలాగోలా గడపండి. అరటిపండు, కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దు. మంచినీళ్ళు రోజుకి అరగ్లాసు. అంతకంటే తాగితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి."

"చేరితే?" అని అడిగింది మాస్టారి భార్య విజయకుమారి. నర్సమ్మ సోమవారం లిస్టులో ఆయన పేరు మొదట రాసింది.

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు నానబెట్టడానికి పట్టిన బకెట్టు దగ్గర విజయకుమారి భర్తని పట్టుకుంది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఎంతోమంది పిల్లల దొంగలెక్కలు పట్టుకున్న మనిషి, మగ్గు నోటి దగ్గర పెట్టుకుని దొరికిపోయారు. ఆవిడ తిట్టలేదు, ఏడ్చింది. ఆ తర్వాత గదిలోకి నాలుగడుగులు వేసేసరికే ఆయనకి ఆయాసం వచ్చింది.

విజయకుమారి వానలోనే వీధి దాటి సాజిదా గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలేదు. రంజాన్ పగటిపూట ఆ మాట ఏ నోటితో అడుగుతుంది!

"లోపలికి రండి వదినగారూ, తడిసిపోతున్నారు" అంది సాజిదా.

"సోమవారం దాకా ఉండరేమోనండీ ఆయన."

సాజిదా లేచి చెంబు ముంచింది. నన్నే సాహెబ్ అదిరిపడ్డాడు.

"పదేళ్ళ నుంచి కావాలని ఒక్క రోజా వదల్లేదు నువ్వు! అందులోనూ ఇవి చివరి రోజులు."

"తప్పిన రోజాకి బదులు తర్వాత ఉంటానండీ. మాస్టారికేమన్నా అయితే బదులు ఎక్కణ్ణించి తెస్తాం?"

కళ్ళనీళ్ళతోనే తాగింది. ఎదురింట్లో మళ్ళీ బకెట్టు వైపు వెళ్తున్న మాస్టారు సగంలో ఆగి వెనక్కి తిరిగారు. సాజిదా తన కోసం మాత్రం పొద్దుగూకే దాకా చుక్క ముట్టలేదు. ఎలాగూ రోజా పోయింది, నువ్వూ తాగొచ్చుగా అని నన్నే సాహెబ్ జాలిపడితే, "నా దాహమన్నా నాకుండనివ్వండి" అంది. శని, ఆదివారాలూ అలాగే గడిచాయి.

సోమవారానికి తాడేపల్లిగూడెం నుంచి ఎవరో ఆటోలో ఇద్దరికి సరిపడా క్యాన్లు తెచ్చారు. వచ్చిన పేషెంట్లు ఐదుగురు. లిస్టులో మొదటి పేరు మాస్టారిదే. రాజరత్నం గారు ఆయన్ని కాటా మీద నిలబెట్టి రెండుసార్లు చూసింది.

"ఏడు కేజీలు పెరిగుంటారనుకున్నానండీ. కేజీంపావే!"

మూడో పేరు జెస్సీ. మండవల్లి పిల్ల, పంతొమ్మిదేళ్ళు. మొహం ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక, తల్లి భుజం పట్టుకుని కూర్చుని రొప్పుతోంది. నోట్లో తడిగుడ్డ.

"నా వంతు ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి" అన్నారు మాస్టారు.

డాక్టరు గారు ఆయన గుండె, ఊపిరి చూసి, "ఇలాగే ఉండగలిగితే గురువారం దాకా ఫరవాలేదు" అన్నారు.

మాస్టారు తిన్నగా ఇంటికి పోలేదు. సాజిదా గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డారు.

"నా వంతు ఇచ్చేశానని గొప్పగా బయల్దేరానమ్మా. రిక్షా ఎక్కాక తెలిసింది, నేనిచ్చింది మీ రోజాలు. ఇంకో మూడు."

సాజిదాకి నిజంగానే కోపం వచ్చింది. ఎందుకు రాదు? "నన్నొక్క మాట అడగాల్సింది మాస్టారూ."

"అడగాల్సిందే. ఆ పిల్లకి ఊపిరాడట్లేదమ్మా, నాకింకేమీ తోచలేదు."

సాజిదా మగ్గం వైపు తిరిగి రెండు ముడులు వేసింది. రెండూ తప్పు పడ్డాయి, విప్పేసింది. తర్వాత అడిగింది.

"ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందండీ?"

"చామనచాయమ్మా. ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ. ఇప్పుడు ఉబ్బింది గానీ, కోలమొహం అయ్యుంటుంది. మీ అమ్మాయి తబస్సుమ్ వయసే."

సాజిదా కళ్ళు మూసుకుంది. ఆయన కోసం ఒక చెంబు తాగింది. మళ్ళీ ముంచి ఇంకో చెంబు తాగింది.

ఆస్పత్రిలో మెషీన్ తిరుగుతోంది. జెస్సీ నోట్లోంచి తడిగుడ్డ తీసి తల్లి చేతికిచ్చింది.

"ఏమ్మా, వద్దా?"

"వద్దమ్మా. గొంతు చల్లబడింది. ఎవరో నా కోసం తాగుతున్నారు" అని, ఐదు రోజుల తర్వాత మొదటిసారి వెనక్కి వాలి పడుకుంది.