ఎడమ ముందు చక్రం

మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: ఫోరస్ రోడ్ వెనకాల ఒక పాత కట్టెల గోదాము ఆవరణలో నాలుగు కార్లు పట్టే జాగా, అందులో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్లొచ్చే నల్లా, ఒక సిమెంటు తొట్టి, మూడు బకెట్లు, యాభై రెండేళ్లు వాడిన నడుము. వీటన్నిటికంటే విలువైనది మంగేష్ మాట. మంగేష్‌కి ఆరు కార్లున్నాయి. హోటళ్లలో దిగేవాళ్లకు, పెళ్లిళ్లకు డ్రైవర్‌తో సహా అద్దెకిస్తాడు. ఆ జాగా కూడా అతనిదే. తన ఆరు కార్లు నేను శుభ్రంగా చూసుకున్నన్నాళ్లూ జాగాకు కిరాయి అడగనన్నాడు. ఖాళీ వేళల్లో బయటి కార్లు కడుక్కున్నా అభ్యంతరం లేదన్నాడు. అంటే ఆ ఆరు కార్లు పోతే జాగా పోతుంది, జాగాతో నల్లా పోతుంది. బొంబాయిలో నల్లా లేనివాడు కార్లు కడగడం గురించి మాట్లాడకూడదు.

కారు పైభాగం ఎవరైనా కడుగుతారు. పనితనం తెలిసేది చక్రాల దగ్గర. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు డిస్కును రాసుకుని నల్లటి పొడి రాలుతుంది. అది రోడ్డు దుమ్ము కాదు, అందులో ఇనుము ఉంటుంది. వేడిగా ఉన్న చక్రం మీద పడితే మాడిన పాలు గిన్నెను పట్టినట్టు పట్టేస్తుంది. సముద్రపు గాలికి పది రోజుల్లో తుప్పు చుక్కలవుతుంది. పొడిగుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. దానికని ఒక మందు దొరుకుతుంది. చల్లితే ఇనుమును పట్టుకుని నేరేడుపండు రసంలా కారిపోతుంది. గ్రాంట్ రోడ్ దగ్గర కార్ల సామాన్ల దుకాణంలో కొనేవాణ్ణి. అది వాడినంత కాలం నాకూ మంగేష్‌కీ మాట తేడా రాలేదు.

యాదమ్మ నా దగ్గర పనికి చేరి అప్పటికి మూడు వారాలు. పాలమూరు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఆమె, పెనిమిటి చంద్రయ్య బిల్డింగు పనుల మీద బతికేవాళ్లు. వాళ్ల సైటు ఏదో కాగితాల తగాదాలో ఆగిపోతే చంద్రయ్య రోజూ కూలీలు పని కోసం ఎదురుచూసే కూడలిలో, నాకా మీద నిలబడ్డాడు, ఆమె నా దగ్గర బకెట్ పట్టింది. వరస గదుల మా చాల్‌లో మూడు తరాలుగా ఉన్నవాళ్లం ఇలాంటివాళ్లను ఊరోళ్లు అంటాం. మా తాతలూ ఆ వైపు నుంచే, ఆ తట్టలే మోస్తూ వచ్చారని అందరికీ తెలుసు. అయినా అంటాం. ముందు వచ్చినవాడికి ముందు రావడమొక్కటే ఆస్తి.

మే నెలాఖరు. ఒక గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు మంగేష్ తెల్ల కారు పుణే నుంచి వచ్చింది. నాలుగింటికి పెళ్లివారి ఇంటి ముందు ఉండాలి. ఘాట్ దిగి వచ్చిన కారు కదా, ముందు చక్రాలు రెండూ పొయ్యి మీది పెనాల్లా ఉన్నాయి. చూస్తే మందు డబ్బా అడుగంటింది. నేను కొనే దుకాణంవాడు సరుకు రావడానికి నాలుగు రోజులన్నాడు. ఇంకో దుకాణంలో ఉంది గానీ, అక్కడి ధర వినగానే నా కాళ్లు వెనక్కి తిరిగాయి.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా తాత మేస్త్రీ. రాతి గోడ మీద సిమెంటు మరక ఎండిపోతే యాసిడ్ తప్ప దారి లేదనేవాడు. ఆ మాట మా ఇళ్లలో అలాగే నిలిచిపోయింది. తాపీ పట్టేవాళ్లు ఇప్పుడు లేరు. పిల్లలు కొరియర్లలో, షాపింగ్ మాల్స్‌లో పని చేస్తున్నారు. కానీ ఏ గదిలోకి వెళ్లినా నీళ్లు వాడుకునే మోరీ మూలన ఒక తెల్ల యాసిడ్ క్యాను ఉంటుంది. బండ నల్లబడితే అదే, బకెట్‌కు ఉప్పు పేరుకుంటే అదే, పండగకు గడప మెరవాలన్నా అదే. మా వాళ్లకు యాసిడ్ మీద ఉన్న నమ్మకం డాక్టర్ మీద లేదు. సిమెంటును కొరికేది బ్రేకు పొడిని కొరకదా అనుకున్నాను. ఇంటికెళ్లి క్యాను తెచ్చాను.

యాదమ్మ కారుకు అవతలి పక్క తలుపులు తుడుస్తోంది. మూత తీయగానే వాసన పట్టింది.

"సేటూ, అల్మినానికి అది పడదు."

"ఏది పడదు?"

"యాసిడ్. చక్రం అల్మినమే గదా. ఖరాబైతది."

"మా తాతలు ఈ బొంబాయిని కట్టినోళ్లు. నువ్వు మొన్న రైలు దిగినవ్. నాకు నేర్పకు."

"సరే సేటూ. చక్రం నీది గాదు, నాది గాదు" అని మళ్లీ గుడ్డ అందుకుంది.

ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి ఎడమ ముందు చక్రానికి పట్టించాను. చక్రం ఇంకా వేడిగానే ఉంది. బుసబుసమని తెల్లటి నురగ వచ్చింది. నలుపు నురగతో పాటే దిగిపోతుంటే నాకు సంతోషం వేసింది. ఇన్నాళ్లూ ఆ మందుకు పోసిన సొమ్మంతా దండగ అనుకున్నాను. రెండు బకెట్లు కుమ్మరించి కుడి వైపుకు వెళ్లబోయాను. అప్పటికి ఎడమ చక్రం ఆరింది.

నలుపు పోయింది. మెరుపు కూడా పోయింది. స్పోకుల మధ్య బూడిద పూసినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. చక్రం మీద ఉండే పల్చటి పారదర్శకపు పూత పాతబడి అక్కడక్కడా పగిలి ఉందట. యాసిడ్ ఆ సందుల్లోంచి దిగి లోపలి లోహాన్ని తినేసింది. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, ఎంత తుడిచినా ఆ మచ్చలు పోవని.

యాదమ్మ వచ్చి చూసింది. బట్టల సోడా ఉందా అని అడిగింది. ఉన్న సోడా నీళ్లలో కలిపి చక్రం మీద, లోపలి డిస్కు మీద ధారగా పోసింది. లేకపోతే ఇంకా తింటూనే ఉంటుందట. పోస్తూనే తన సైటు పని చెప్పింది. కొత్త ఫ్లాటు అప్పగించే ముందు నేల పలకలను యాసిడ్‌తో కడుగుతారు. కిటికీల పట్టాలన్నీ అల్యూమినియమే. అందుకని ముందు రోజంతా ఆడవాళ్లు ఆ పట్టాలకు గ్రీజు పూస్తారు, చౌకట్లకు టేపు వేస్తారు. పూత ఒక రోజు, కడుగుడు ఒక గంట.

"ముందుగాల కప్పాలె సేటూ. కడుగుడు ఎవలకైనా వస్తది."

మా తాతకు కూడా ఇది తెలిసే ఉంటుంది. ఆయన నుంచి యాసిడ్ మా దాకా వచ్చింది. దాని ముందు చేయాల్సిన పని రాలేదు.

టైము రెండున్నర. నా ముందు రెండు దార్లున్నాయి. వీధి చివర గ్యారేజీలో వెండిరంగు స్ప్రే డబ్బా ఉంది. పావుగంటలో మచ్చలు కప్పెయ్యొచ్చు. పెళ్లి దాటుతుంది, నెల కూడా దాటొచ్చు. ఆ తర్వాత వానల్లో రంగు పొరలు లేస్తుంది, మంగేష్ అడుగుతాడు. అప్పుడు నేను చక్రం పాడుచేసినవాణ్ణి మాత్రమే కాదు, నెల రోజులు దాచినవాణ్ణి అవుతాను. పైగా సంగతి యాదమ్మకు తెలుసు. ఆమె నోరు జారుతుందని కాదు. ఆమెకు తెలిసి ఉండగా రేపు ఆమెకు ఏ మొహంతో పని చెప్పాలి? నిజం చెబితే చక్రం ఖరీదు ఒకసారి పోతుంది. దాచే దారిలో పోయేది ఎంతో నాకు అంచనా అందలేదు. అంచనా అందని సరుకు నేను ఎప్పుడూ కొనలేదు. మంగేష్‌కి ఫోన్ చేశాను.

అతను అరగంటలో వచ్చాడు. హిందీలో మొదలుపెట్టి మరాఠీలో తిట్టాడు. పెళ్లికి ఇంకో కారు పంపించాడు. ఆ మాదిరి చక్రమే కుర్లా పాత సామాన్ల దుకాణాల్లో వెతికి నా ఖర్చుతో తెచ్చి వేయమన్నాడు. నేను అన్నింటికీ తలూపాను. చివరికి అతను అడిగింది మాత్రం నేను అనుకోని మాట: యాసిడ్ పడదని ఇక్కడ ఎవరికీ తెలియదా అని. తెలియదంటే సరిపోయేది. యాదమ్మ చెప్పింది, నేను వినలేదు అన్నాను. మంగేష్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. దీపావళి లోపల చక్రాల మీద ఒక్క తుప్పు చుక్క కనిపించినా ఆరు కార్లూ వేరే చోటికి వెళ్తాయని, అప్పటిదాకా చక్రాలు ఆమె చేతి మీదే నడవాలని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెబితే మా ఆవిడ ముత్తమ్మ రొట్టె తిప్పుతూ, "క్యాను ఎత్తుకపోయేటప్పుడే అనుకున్న. మోరీ కడగమంటే నడుం నొప్పి, పరాయోళ్ల చక్రం కడగనీకె నొప్పి లేదు" అంది. ఆ క్యాను మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

మర్నాడు యాదమ్మ తన పద్ధతి పెట్టింది. మొదటిది, చక్రం చల్లగా ఉన్నప్పుడే ముట్టుకోవాలి. అంటే కార్లు తిరిగి వచ్చాక కాదు, పొద్దున బయటికి పోకముందు. నల్లా వచ్చే వేళే ఆమె బస్తీలో కూడా నీళ్లు పట్టుకోవాలి. అందుకని ముందు రోజు సాయంత్రమే తొట్టి నింపిపెట్టే పని నా మీద పడింది. రెండోది, కడిగి ఆరాక చక్రానికి పూత వేయాలి. ఇక్కడ ఆమె తప్పింది. కిటికీ పట్టాలకు పూసినట్టే రెండు చక్రాలకు గ్రీజు పూసింది. సాయంత్రానికి బొంబాయి దుమ్మంతా వాటి మీదే ఉంది, నువ్వులద్దిన లడ్డూల్లా తయారయ్యాయి. ఆమె మొహం చూసి నాకు నవ్వొచ్చింది.

"నవ్వు సేటూ, నవ్వు. నేను పూసింది కడిగితే పోతది" అంది.

ఆమె చెప్పిన దారి సరైనదే, సరుకే తప్పు. సరుకు సంగతి నాకు తెలుసు. నాలుగు దుకాణాలు తిరిగాను. గట్టిగా ఆరే మైనం, వేడికి కరగనిది, చక్రాల కోసమే చేసేది దొరికింది. చౌకది పక్కన పెట్టి మంచిదే తెచ్చాను. మందుతో పాత పొడిని ఒక్కసారి పూర్తిగా దించి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో పల్చగా పూత. డిస్కుకు ఒక్క చుక్క తగలకూడదు, తగిలితే బ్రేకు జారుతుంది. ఆమె డిస్కు మీద తడిగుడ్డ కప్పి మరీ పూసేది. ఒక్కో కారుకు చక్రాలు విప్పి లోపలి వైపు కూడా వేశాం. ఆరు కార్లకు పది రోజులు పట్టింది. పదో రోజు వాన మొదలైంది.

ఆ తర్వాత బ్రేకు పొడి చక్రాల మీద కూర్చునేది గానీ పట్టేది కాదు. పొద్దున సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. మందు వాడకం నెలకు ఒకసారికి తగ్గింది. ఆరు వారాలకోసారి పూత మళ్లీ వేసేది. ఆగస్టులో మంగేష్ స్పోకుల వెనకాల వేలు పెట్టి చూసుకున్నాడు. నలుపు అంటలేదు. వేలు తుడుచుకోకుండానే కారెక్కాడు.

దీపావళికి వారం ముందు యాదమ్మ బకెట్ కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. మంగేష్ తనను నేరుగా పనికి అడిగాడని చెప్పింది. అదే జాగా, అదే నల్లా, మధ్యలో నేను ఉండను. మంగేష్ తప్పు చేశాడని అనలేను. అతని స్థానంలో ఉంటే నేను జులైలోనే అడిగేవాణ్ణి.

"మరి ఏమన్నవ్?"

"ఆలోచిస్త అన్న. చక్రాలు నాకొస్తయి. దుకాణపోళ్లతోని మాట్లాడుడు, డ్రైవర్లతోని లొల్లి, అవి నాకు రావు. నీకొస్తయి. ఉంట. గాని కూలికి ఉండ సేటూ."

"మరి?"

"వచ్చినదాంట్ల సగం."

ఆమెకు కూలి పెంచి ఆపగలనా అని ఒక్క నిమిషం లెక్క వేశాను. ఎంత పెంచినా మంగేష్ దానికి పైన పెంచుతాడు. కానీ వచ్చేదాంట్లో సగానికి మించి కూలి ఇవ్వడం అతనికి గిట్టదు. సరే అన్నాను. ఆమె లేచి, అయితే ఇక సేటూ అనడం బాగుండదని, అన్నా అంటానని చెప్పి పనిలోకి వెళ్లింది. మంగేష్‌కి కబురు నేనే చెప్పాను. అతను కాసేపు గొణిగి, చక్రాలు ఆమె చేసినంత కాలం తనకు ఏదైనా ఒకటేనన్నాడు.

ఇప్పటికి తేలిన లెక్క ఇది. మంగేష్ ఆరు కార్లు నిలిచాయి. అతని దోస్తు నిలేష్‌వి నాలుగు వచ్చాయి. చంద్రయ్య సైటు మళ్లీ తెరుచుకుంది, యాదమ్మ మాత్రం తిరిగి వెళ్లలేదు. పైగా నాకా నుంచి మల్లమ్మ అనే ఆమెను తీసుకొచ్చి పని నేర్పుతోంది. సగం పోగా నా చేతికొచ్చేది పాతదానికంటే కొంచెం ఎక్కువే. డ్రైవర్లు ఆవరణలోకి వస్తూనే యాదమ్మ కోసం బాయీ ఎక్కడ అని అడుగుతారు, నా పేరెత్తి సైదులు ఎక్కడ అని అడగరు. పది కార్ల పైభాగం నేను కడుగుతాను. చక్రాలు నలభై, వాటిలో ఒక్కదాన్నీ ఆమె నన్ను ముట్టనివ్వదు.