ఒక్క వరుస గడి

వంకరటింకరగా ఉన్నదేదీ నేను చూసి ఊరుకోలేను. 1999లో మద్రాసు జార్జి టౌన్‌లోని మా వర్తక సంఘం, కాలేజీ ఫీజు సాయం కోసం పిల్లలు పెట్టుకునే దరఖాస్తును మొదటిసారి ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుని ఆ పని నాకు అప్పజెప్పింది. ఇరవైమంది పిల్లల చదువు ఆ ఫారం మీద ఆధారపడి ఉంది. నా ధ్యాసంతా గడుల మీదే ఉంది.

అంతకుముందు ఎవరో సగం చేసి వదిలేసిన పేజీలవి. పేరు గడి పొడుగు, ఊరు గడి పొట్టి. ఒకదానికి నల్ల అంచు, ఇంకోదానికి అంచే లేదు. నేను పేజీ రూపురేఖలు నిర్ణయించే స్టైల్ షీట్ ఒకటి రాసి, ప్రతి గడికీ ఒకే వెడల్పు, ఒకే అంచు, ఒకే రకం అక్షరాలు వచ్చేలా కట్టడి చేశాను. ఒక్కటి మాత్రం మాట వినలేదు. అది 'మీ ఇంటి పరిస్థితి' అనే నాలుగు వరుసల గడి. అందులో అక్షరాలు టైపు మిషన్ మీద కొట్టినట్టు వేరేగా పడేవి. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, తిక్క రేగి, దాన్నీ ఒక వరుస గడిగా మార్చేశాను. అప్పుడా పేజీని చూసుకుని ఎంత మురిసిపోయానో.

సంఘం గుమాస్తా నాగలింగం మామ ముప్పై ఏళ్లుగా కాగితం ఫారాన్ని స్కేలు పెట్టి తన చేత్తో గీసిన మనిషి. ఆయన కంప్యూటర్ వైపు చాలాసేపు చూశాడు.

"ఆ పెద్ద గడి యాడికి పోయిందమ్మా భువనా?"

"ఒక వరుసైనా ఎంతైనా రాసుకోవచ్చు మామా. అక్షరాలు లోపలికి జరుగుతా పోతాయి," అన్నాను, కాస్త విసుగ్గానే.

బ్రౌజింగ్ సెంటర్ల నుంచి నూట పది దరఖాస్తులు వచ్చాయి. కమిటీ చదివి ఇరవైమందిని ఎంచింది. సోమవారం జాబితా గోడకు అంటించాలి. శనివారం ఉదయం మామ ప్రింటు తీసిన కాగితాలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంటి పరిస్థితి మాత్రం చదువుమ్మా. ఇంతమంది కష్టాలూ ఒకే కొలతలో ఉండాయే?"

చూశాను. దాదాపు అన్నీ ముప్పై అక్షరాల లోపే ఆగిపోయాయి. కొన్ని మాట మధ్యలో తెగిపోయాయి.

కమిటీ కొట్టేసిన కట్టలో పైనున్నది ఎన్నూరు నుంచి రాసాత్తి అనే అమ్మాయి పెట్టుకున్నది. ప్లస్ టూలో మంచి మార్కులు. ఇంటి పరిస్థితి దగ్గర 'తండ్రి కంపెనీ లారీ డ్రైవర్' అని ఇంగ్లీషులో నాలుగు మాటలు. నెల జీతం వస్తోంది కదా అని పక్కన పెట్టేశారు.

దరఖాస్తులో ఇచ్చిన పక్కింటివాళ్ల నంబరుకు ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి రాసాత్తి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ రోజు రాసినట్టే మళ్లీ రాయమన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. గడి నిండి, మొదటి అక్షరాలు ఎడమవైపుకు జారి కనబడకుండా పోగానే చెయ్యి ఆపేసింది. అవి మళ్లీ కనబడేదాకా చివరి మాటలు తుడిచేసింది.

"ఈడే అక్కా. ముందు రాసింది పోతా ఉండాది. తప్పు చేసేసినా అనుకుని తుడిచేసినా."

"ఆ తుడిచేసింది ఏంది?"

"పోయిన ఏడు యాక్సిడెంట్‌లో నాన్నకి కాలు తీసేసినారు. ఇప్పుడు పని లేదు."

"అసలు విషయం అదే కదే, దాన్నే ఎట్లా వదిలేసినావు?" అని గొంతు పెంచాను. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

రాసాత్తి బెదిరిపోయి నావైపు చూసింది. "గడి ఎంత ఉండాదో అంతే కదక్కా వాళ్లకి కావాల్సింది."

అప్పటికప్పుడు సంఘం అధ్యక్షుడు కోదండరాం గారికి ఫోన్ చేసి, తప్పు నాదేనని, జాబితా ఆపమని, పిల్లలందరినీ మళ్లీ అడగాలని చెప్పాను. ఆయన చివాట్లు పెట్టి, చివరికి వారం గడువిచ్చాడు. కూర్చుని ఆ గడిని పది వరుసలు చేశాను. అంచూ రంగూ మిగతావాటిలాగే ఉంచి, కొలత మాత్రం దేనిది దానికే వదిలేశాను. నాగలింగం మామ నా వెనకే నిలబడి చూశాడు.

రాసాత్తి మళ్లీ మొదలుపెట్టింది. నాన్న సంగతి మూడు వరుసల్లో అయిపోయింది. మిగిలిన ఖాళీకేసి కాసేపు చూసి, నావైపు తిరిగింది.

"అక్కా, ఇంకా చోటుండాది. అమ్మ గురించి కూడా రాయొచ్చునా?"

"రాయమ్మా," అన్నాను.