నిటారుగా అరగంట

ఎండ ఇంకా కిటికీ దాటలేదు. గ్లాసులో నీళ్లు చల్లగా ఉన్నాయి.

వారానికి ఒక్క మాత్ర. పరగడుపున. మింగాక అరగంట సేపు నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు.

నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారతాయట. ఈ మాత్ర వాటిని కాపాడుతుందట. డాక్టరమ్మ మాట.

ఈ మాత్ర మింగే ఆమె టైలరు. ముప్పై ఏళ్లుగా మనుషుల్ని కొలుస్తున్న చేతులు.

ఆ అరగంటలోనే అమ్మ వస్తుంది...

పలకదు. కుట్టుమిషను పక్కన వంగి నిలబడి ఆమెనే చూస్తుంది. పోయి తొమ్మిదేళ్లు — ఇంకా పొట్టిదవుతూనే ఉంది.

బతికుండగా అమ్మ గౌన్లు ఏటికేడు నేలకు జీరాడేవి. ఏటా ఆమే అమ్మకు అంచు మడిచి కుట్టేది. ఒకసారి అంగుళం. ఇంకోసారి ముప్పావు.

"గుడ్డ సాగుతోందే," అనేది అమ్మ.

"గుడ్డ కాదు, నువ్వే వంగిపోతున్నావు. కాస్త నిటారుగా నిలబడమ్మా," అని కసిరేది ఆమె.

అమ్మ నిలబడబోయేది. పాపం, నవ్వుతూనే.

ఒక మధ్యాహ్నం దారపు ఉండ కింద పడింది. అమ్మ వంగింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. తుంటి ఎముక... మళ్లీ మంచం దిగలేదు.

కొలతల పుస్తకంలో అంతా ఉంది. తన చేతిరాతే. ఏటికేడు తగ్గిన అమ్మ.

రాసింది. చదవలేదు.

అందుకే, అమ్మ ముఖం చూడలేక మాత్రలు మానేసింది. గుండీల డబ్బాలో దాచింది. అరగంట లేకపోతే అమ్మ రాదు.

రాలేదు. నాలుగు వారాలు... ఇల్లు తేలికగా ఉంది. సిగ్గుపడేంత తేలికగా.

అయిదో వారం కూతురు ఆమెకు కొత్త గౌను కుడతానంది. ఈ మధ్యే పని నేర్చుకుంటున్న పిల్ల. భుజం నుంచి మడమ దాకా టేపు పెట్టింది. పుస్తకంలో పాత కొలత చూసింది. మళ్లీ పెట్టింది.

"అమ్మా, కాస్త నిటారుగా నిలబడు."

"నిలబడే ఉన్నానే."

టేపు కూతురి చేతిలో ఆగిపోయింది.

ఆమె గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. గుండీల మధ్య నాలుగు మాత్రలు.

"ఎందుకు మానేశావమ్మా?"

"మింగితే మీ అమ్మమ్మ వస్తోంది."

కూతురు నవ్వలేదు. తెల్లారి తనే నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె మింగేదాకా అక్కడే ఉండి, వెళ్లి మిషను ముందు కూర్చుంది.

ఆమె గోడ పక్కన నిటారుగా నిలబడింది.

ఎండ కిటికీ దాటింది. గుడ్డ మీదికి వంగిన కూతురి వీపు మీద పడింది.

అమ్మ వచ్చింది.

ఈసారి ఆమె వైపు చూడలేదు.

ఎండ పడిన ఆ వీపునే చూస్తోంది...